మెకాలే ప్రభువు - ఆరాధన స్థలములకు కంచెయైన చట్టము



అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు పట్టణపు కరణమును చూచుచున్నాము. (మన తెలుగు బైబిలు ఆ యుద్యోగిని కరణమనుట కడప జిల్లావారికి ఎంత దగ్గరి మాట!) రెండు గంటలు కేకలు వేసిన గుంపును అతడు సముదాయించి, వ్యాజ్యెమున్నవారు న్యాయసభకు పోవలెనని చెప్పి పంపివేసెను. అతడు విశ్వాసి కాడు. అయినను ఆ దినమున గాయియు అరిస్తర్కును ప్రాణములతో బయటపడిరి.

అట్టి పని మన దేశమునకు చేసిన ఒకని జీవితమును ఈ నెల తలంచుకొందము.

థామస్ బాబింగ్టన్ మెకాలే 1800 అక్టోబరు 25న ఇంగ్లండులో జన్మించెను. మన సీమ నిజాము చేతినుండి కుంపిణీకి వచ్చిన యేడును అదియే. తండ్రి జాకరీ బానిస వ్యాపారమును మాన్పుటకు పాటుపడిన భక్తుడు. కుమారునికి ఆ భక్తి అంతగా అబ్బలేదు. అయితే తక్కువ సంఖ్యవారి పక్షమున నిలుచుట అబ్బినది. 1830లో పార్లమెంటులో అతని మొదటి ప్రసంగము యూదుల హక్కుల కొరకే.

1834 జూనులో అతడు మద్రాసులో దిగెను. అప్పటికి రెండేండ్ల క్రిందట, 1832 జూన్ 15న, మన కడపలో మసీదు అపవిత్రమైనదను అల్లరిలో సబ్ కలెక్టరు మెక్డొనాల్డు గుంపు చేతిలో హతుడాయెను. ఆరాధన స్థలము మీద చేయి పడినచో ఊరు ఎట్లు మండునో మన జిల్లా ఎరుగును.

మన భాషల సాహిత్యమును చులకన చేయుచు 1835లో మెకాలే వ్రాసిన పత్రమును మేము మెచ్చుకొనజాలము. కాని లా కమీషను అధ్యక్షుడుగా 1837లో అతడు ముగించిన శిక్షాస్మృతి ముసాయిదా వేరు సంగతి. అందులో మతమునకు సంబంధించిన నేరములకు ఒక అధ్యాయమే యున్నది. ఎవడును తన మతము నాచరించుకొనవచ్చును, పరుని మతము నవమానింపరాదనునది దాని సారము. పాలకుల మతమునకు అందులో ప్రత్యేకపు గద్దె లేదు. తరువాత 295వ సెక్షను ఆరాధన స్థలమును పాడుచేయుటను, 296వది ఆరాధనకై న్యాయముగా కూడినవారిని బుద్ధిపూర్వకముగా కలవరపెట్టుటను, 297వది సమాధుల తోటలో చొరబడి అవమానించుటను నేరములుగా చేసెను.

పులివెందులలో ఆదివారము కూడిన సంఘమునకును, ప్రొద్దుటూరు అమ్మవారిశాలలో దసరాకు చేరిన భక్తులకును, జమ్మలమడుగు మసీదులో నమాజు చేయువారికిని కంచె ఒక్కటే. గుంపు తలుపుదగ్గర నిలిచి బెదిరించి ఆరాధన నాపినచో సెక్షను పనిచేయును. అయితే వేరొక వీధిలో సభపెట్టి మన బోధను ఖండించువాని నోరు ఇది మూయదు. మూయకుండుటయే మేలు, మనమును వీధులలో బోధించువారమే గదా! నమాజు వేళ మసీదు ఎదుట కావలెనని మన ఊరేగింపు డప్పు మ్రోగించినచో, అదే సెక్షను మన మీదికిని వచ్చును.

ముసాయిదా ఇరువది యేండ్లకు పైగా కాగితముల మీదనే యుండెను. 1858లో యూదుడైన రోత్స్‌చైల్డు పార్లమెంటులో కూర్చుండుట మెకాలే బ్రదికియుండగానే జరిగెను. తన శిక్షాస్మృతి చట్టమగుట మాత్రము అతడు చూడలేదు. 1859 డిసెంబరు 28న మరణించెను. బార్న్స్ పీకాక్ సవరించిన పిమ్మట అది 1860 అక్టోబరు 6న చట్టమై, 1862 జనవరి 1నుండి అమలులోనికి వచ్చెను. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత దాని స్థానమున వచ్చినది. 296వ సెక్షను ఇప్పుడు 300వది. శిక్ష మునుపటివలెనే ఒక సంవత్సరము వరకు ఖైదు, లేక జుల్మానా, లేక రెండును.