మీటింగ్ ఎక్కడుందని వెతికిన మొదటి మనిషి

గత చలికాలం ఒక మంగళవారం రాత్రి, న్యూజెర్సీలో ఒక చర్చి పార్కింగ్‌లో ఇరవై నిమిషాలు కారులోనే కూర్చున్నాను. లోపల బేస్‌మెంట్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్ జరుగుతోంది. పక్క సీట్లో మా ఇంటి మనిషి. ఎవరో చెప్పను, కారణం చివర్లో మీకే తెలుస్తుంది. దిగుదామని నేను, మనవాళ్లెవరైనా చూస్తే ఎలా అని తను. ఆ రోజు దిగకుండానే ఇంటికి వచ్చేశాం.

నిద్ర పట్టక, అసలీ మీటింగులు ఎవరు మొదలుపెట్టారో చదవడం మొదలుపెట్టాను. అలా పరిచయమయ్యారు బిల్ విల్సన్.

ఆయన 1895 నవంబర్ 26న వెర్మాంట్ రాష్ట్రంలోని ఈస్ట్ డోర్సెట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తల్లిదండ్రులు విడిపోతే అమ్మమ్మ, తాతయ్య పెంచారు. బూమరాంగ్ చేయడం ఆస్ట్రేలియా వాళ్లకే చేతనవునని తాతయ్య అంటే, నెలల తరబడి చెక్కి చేసి చూపించిన పట్టుదల ఆ పిల్లవాడిది. 1918లో లోయిస్‌ను పెళ్లి చేసుకున్నారు. సైన్యంలో ఉన్నప్పుడే తాగుడు అలవాటైంది. తర్వాత వాల్ స్ట్రీట్‌లో బాగానే సంపాదించారు. 1929లో మార్కెట్ కుప్పకూలింది, ఆయన తాగుడు మాత్రం పెరిగింది. ఇద్దరూ బ్రూక్లిన్‌లోని లోయిస్ పుట్టింటికి చేరారు. ఆవిడ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పనిచేసి ఇల్లు నడిపారు. ఈ మాట చదివినప్పుడు కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

న్యూయార్క్‌లోని టౌన్స్ హాస్పిటల్‌లో బిల్ పలుమార్లు చేరారు. అక్కడి డాక్టర్ సిల్క్‌వర్త్ ఇది గుణహీనత కాదు, జబ్బు అని చెప్పారు. శరీరానికి మద్యం పడని ఒక రకమైన అలర్జీ అని ఆయన అభిప్రాయం. బీఎస్సీ చదివిన నాకు ఆ అలర్జీ మాట నేటి వైద్యానికి సరిపోదని తెలుసు. కానీ జబ్బు అన్న మాట మాత్రం నేటికీ నిలిచింది. 1934 డిసెంబర్‌లో ఆ హాస్పిటల్‌లోనే ఆయనకు ఒక ఆధ్యాత్మిక అనుభవం కలిగింది. ఆ తర్వాత ఆయన మళ్లీ తాగలేదు.

అసలు కథ 1935 మే నెలలో, ఒహాయోలోని ఆక్రన్‌లో. పనిమీద వెళ్తే ఆ వ్యవహారం బెడిసికొట్టింది. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డారు. ఒకవైపు బార్, నవ్వులు, గ్లాసుల చప్పుడు. ఇంకోవైపు చర్చిల పేర్లున్న బోర్డు, ఫోన్. అంతకుముందు ఎందరో తాగుబోతుల్ని మార్చాలని చూశారు. వాళ్లెవరూ మారలేదు గానీ, వాళ్లతో మాట్లాడినన్నాళ్లూ తను తాగలేదని ఆ క్షణంలో తట్టింది. ఫోన్ దగ్గరికి నడిచారు. ఒక ఫాదర్ కొన్ని నంబర్లిచ్చారు. ఒకదాని తర్వాత ఒకటి చేయగా, చివరికి హెన్రియెటా సీబర్లింగ్ అనే ఆవిడ రమ్మన్నారు.

అక్కడికి వచ్చారు డాక్టర్ బాబ్ స్మిత్. సర్జన్, ఆయనదీ ఇదే బాధ. పదిహేను నిమిషాలే ఉంటానని వచ్చిన మనిషి ఆరు గంటలు కూర్చున్నారు. ఎందుకంటే బిల్ నీతులు చెప్పలేదు, తన కథ చెప్పుకున్నారు. బాబ్ మధ్యలో మరోసారి తాగి, 1935 జూన్ 10న ఆఖరిసారి తాగారు. ఆ తేదీనే ఏఏ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

1939లో పుస్తకం వచ్చింది, అదే ఏడాది బ్రూక్లిన్ ఇల్లు పోయింది. రెండేళ్లపాటు తెలిసినవాళ్ల ఇళ్లలో తలదాచుకున్నారు. 1941లో ఒక పత్రికలో వ్యాసం వచ్చాక, రెండు వేల మంది సభ్యులు ఆ ఏడాది చివరికి ఎనిమిది వేలయ్యారు.

లోయిస్ సంగతి చెప్పకపోతే నాకే తోచదు. మీటింగ్‌కు టైమవుతోందని భర్త తొందరపెడితే, ఒకరోజు ఆవిడ చెప్పు విసిరేశారట. మానేశాడు కదా, ఇంకా నాకెందుకింత కోపం అని తనను తాను ప్రశ్నించుకున్నారు. 1951లో కుటుంబాల కోసం అల్-అనాన్ సంస్థను మరొకావిడతో కలిసి మొదలుపెట్టారు.

బిల్ దేవుడేమీ కాదు. తాగుడు మానాక కూడా ఏళ్ల తరబడి డిప్రెషన్‌తో బాధపడ్డారు. సిగరెట్లు వదల్లేకపోయారు, చివరికి ఊపిరితిత్తుల జబ్బే తీసుకెళ్లింది. 1971 జనవరి 24న, తమ 53వ పెళ్లిరోజున కన్నుమూశారు. యేల్ యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇస్తామన్నా వద్దన్నారు. పేరు బయటపెట్టకూడదన్న నియమం తనకూ వర్తిస్తుందని ఆయన పద్ధతి. నేనూ అందుకే పేరు చెప్పడం లేదు.

మరుసటి మంగళవారం మళ్లీ వెళ్లాం. ఈసారి దిగాం. ఫీజు లేదు, ఇంటిపేరు అడగలేదు, మొదటి రోజు మాట్లాడమని ఎవరూ బలవంతపెట్టలేదు. ఓపెన్ మీటింగ్ అని ఉంటే ఇంట్లోవాళ్లూ కూర్చోవచ్చు. ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి, మన హైదరాబాద్‌లోనూ ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ప్రమాదం. ముందు డాక్టర్‌ని కలవండి.

ఆ రోజు బేస్‌మెంట్‌లో మన ముఖం ఇంకొకటి కనిపించింది. తనూ మమ్మల్ని చూసి తలూపారు. ఇంతకాలం భయపడింది ఇందుకేనా అనిపించింది. ఇప్పుడు మంగళవారం వచ్చిందంటే మా ఇంట్లో ఆరింటికే భోజనాలు.