ట్రఫుల్స్ వెతకబోయి...

అరకు టూర్‌కి వెళ్ళిన ప్రతి బ్యాచ్‌కీ పైన్ తోటలో ఒక గ్రూప్ ఫొటో ఉంటుంది. ఈసారి వెళ్తే కాసేపు చెట్టు మొదలు కూడా చూడండి. మట్టి కింద, వేరు కొసల చుట్టూ ఒక శిలీంధ్రం తొడుగులా అల్లుకుని ఉంటుంది. అది లేకపోతే పైన్ మొక్క సరిగా ఎదగదు. ఆ జోడీకి పేరు పెట్టిన ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ గురించి మన బాటనీ పుస్తకంలో ఒక్క లైనైనా చదివిన గుర్తు లేదు నాకు.

ఫ్రాంక్ 1839లో డ్రెస్డెన్‌లో పుట్టాడు. లైప్‌జిగ్‌లో చదివి, అక్కడే యూనివర్సిటీలో ఎండబెట్టిన మొక్కల నమూనాలను చూసుకుంటూ, పాఠాలు చెబుతూ గడిపాడు. రాళ్ళకీ బెరడుకీ పట్టే లైకెన్ల మీద పనిచేస్తూ, రెండు జీవులు కలిసి బతకడానికి 1877లోనే ఒక మాట తయారుచేశాడు. ఇప్పుడు మనం వాడే సింబయాసిస్‌కి అది అన్నలాంటిది. పేరు మాత్రం తర్వాత రాసిన డి బేరీకి వచ్చింది. 1881లో బెర్లిన్ వ్యవసాయ కళాశాలలో ప్రొఫెసరయ్యాడు.

అసలు కథ అక్కడే మొదలైంది. ట్రఫుల్ అంటే భూమిలోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగు. దాన్ని ప్రష్యాలో సాగు చెయ్యగలమేమో చూడమని ప్రభుత్వం ఆయనకి పని అప్పజెప్పింది. ట్రఫుల్ సాగు కుదరలేదు. కానీ వాటి కోసం తవ్వుతుంటే ఓక్, బీచ్, హేజెల్ చెట్ల వేరు కొసలన్నీ శిలీంధ్రపు పొరతో కప్పి ఉండడం కనిపించింది. ఎక్కడ తవ్వినా అదే. అన్నిటికీ పట్టిన జబ్బయితే ఇన్ని చెట్లు ఇంత ఆరోగ్యంగా ఎలా ఉన్నాయి? పొర పూర్తిగా కప్పేశాక వేరు నీళ్ళు తాగేది ఎలా? ఆ శిలీంధ్రమే తాగించాలి, అంతే. 1885లో ఆయన ఈ మాట ప్రచురించాడు. శిలీంధ్రం, వేరు అనే రెండు గ్రీకు మాటలు కలిపి మైకోరైజా అని పేరు పెట్టాడు. చెట్టుకి ఆ శిలీంధ్రం పాలిచ్చే దాది లాంటిదన్నది ఆయన ఆలోచన.

ఎవరూ నమ్మలేదంటే అతిశయోక్తి కాదేమో. అప్పటికి శిలీంధ్రం అంటే తెగులే. గట్టిగా ఎదిరించిన వాళ్ళలో అటవీశాస్త్రవేత్త రాబర్ట్ హార్టిగ్ ఒకడు. తమాషా ఏంటంటే, వేరు కణాల మధ్య ఉండే ఈ వలని దశాబ్దాల ముందే బొమ్మ గీసింది ఆయన తండ్రి థియోడోర్ హార్టిగే. అది శిలీంధ్రమని పాపం ఆయనకి తెలియదు. ఇప్పటికీ దాన్ని హార్టిగ్ నెట్ అనే అంటారు.

వాదనతో పని కాదని ఫ్రాంక్ కుండీలు పెట్టాడు. పైన్ అడవి మట్టినే తీసుకుని, కొంత వేడితో శుద్ధి చేశాడు, కొంత అలాగే ఉంచాడు. రెంటిలోనూ పైన్ విత్తనాలే. మన ల్యాబ్ భాషలో చెప్పాలంటే కంట్రోల్ ఉన్న ప్రయోగం. శుద్ధి చేసిన మట్టిలో నారు గిడసబారిపోయింది, మామూలు మట్టిలో వేళ్ళకి తొడుగు వచ్చి ఏపుగా పెరిగింది. వేడి చేస్తే మట్టే మారిపోతుంది కదా అనే అనుమానానికి చోటు ఉంది, నిజమే. ఆ ముడి పూర్తిగా విప్పేదాకా ఆయన బతకలేదు. 1900లో బెర్లిన్‌లో పోయాడు.

1950లో స్వీడన్‌లో ఎలియాస్ మెలిన్ రేడియోధార్మిక ఫాస్ఫరస్ వాడి, శిలీంధ్రపు పోగుల గుండా అది పైన్ నారులోకి చేరడం చూపించాడు. బదులుగా చెట్టు చక్కెర ఇస్తుంది. ఫ్యూర్టో రికోలో అయితే పైన్ నాటడం ఏళ్ళ తరబడి విఫలమైంది. అక్కడ స్వతహాగా పైన్ లేదు, దాని శిలీంధ్రమూ లేదు. 1955లో అమెరికా నుంచి పైన్ చెట్ల కింది మట్టి తెచ్చి కలిపాక మొక్కలు లేచాయి. నర్సరీలు చాలాకాలం ఇదే పద్ధతి పాటించాయి. పాత తోట మట్టి తెచ్చి మడిలో కలపడమే. అందులో తెగుళ్ళు కూడా రావచ్చు కాబట్టి, తర్వాత పైసోలిథస్ లాంటి శిలీంధ్రాలను విడిగా పెంచి వాడడం మొదలైంది.

ఇక ప్రష్యా ప్రభుత్వం అడిగిన ట్రఫుల్ సంగతి. దానికి జవాబు 1970ల్లో ఫ్రాన్స్‌లో దొరికింది. ఓక్, హేజెల్ నారుకి నర్సరీలోనే ట్రఫుల్ శిలీంధ్రం పట్టించి, ఆ మొక్కల్ని తోటల్లో నాటారు. కొన్నేళ్ళకి ట్రఫుల్స్ కాశాయి.