టోక్యో టికెట్ కొనే ముందు జపాన్ వెంకయ్య గురించి తెలుసుకోండి

జి. కొండూరు నుంచి మైలవరం వైపు కాలేజీ బస్సులో వెళ్లే మీకు మామిడి లెక్క ఒకరు చెప్పక్కర్లేదు. కోత నాలుగు రోజులే, దాని వెనక పని మాత్రం ఏడాదంతా ఉంటుంది. జపాన్‌లో మూడు వారాలో, నెలో ఉండి భాష నేర్చుకుని వద్దామనుకునేవాళ్లదీ అదే లెక్క. ట్రిప్పు అంటే కోత. ఇక్కడ పని చేసుకుని వెళ్తేనే అక్కడ కాయ చేతికొస్తుంది. తోట మీద వచ్చిన డబ్బుతో వెళ్తున్నారంటే ఇంకా ఆలోచించాలి.

ఈ దారిలో మనకు ఒక సీనియర్ ఉన్నారు. జాతీయ జెండా అనగానే గుర్తొచ్చే పింగళి వెంకయ్య గారే. అప్పట్లో ఆయనకు ఇంకో పేరుండేది: జపాన్ వెంకయ్య.

లాహోర్‌లో జపనీస్

వెంకయ్య 1876 ఆగస్టు 2న కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టారు. మచిలీపట్నంలో చదువుకున్నారు. కుర్రతనంలోనే బ్రిటిష్ ఇండియా సైన్యంలో చేరి, బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీజీతో పరిచయం అక్కడే అయ్యింది. తిరిగొచ్చాక రైల్వేలో గార్డుగా పనిచేశారు. ఆ తర్వాత లాహోర్‌లోని ఆంగ్లో వేదిక్ కాలేజీలో చేరి ఉర్దూ, జపనీస్ నేర్చుకున్నారు.

1905లో జపాన్ రష్యాను ఓడించాక ఆసియా అంతా అటువైపు చూస్తున్న రోజులవి. యాప్ లేదు, వీడియో లేదు. అయినా ఆయన భాష పట్టింది టోక్యోలో కాదు, లాహోర్‌లో.

మీరూ విమానం ఎక్కేముందే పట్టండి. హిరాగానాలో 46, కటకానాలో 46 మూలాక్షరాలు. రోజుకు ఐదు చొప్పున రాసినా మూడు వారాల్లో రెండూ అయిపోతాయి. ఇవి రాకుండా వెళ్తే ఖరీదైన మొదటి వారం అక్షరాలు దిద్దడానికే పోతుంది.

తెలుగువాళ్లకు ఇంకో లాభం ఉంది. జపనీస్‌లోనూ క్రియ వాక్యం చివరే వస్తుంది. మన ‘బడికి’లో ‘కి’ లాగే అక్కడ ‘గక్కో ని’ అంటారు. దీర్ఘం, ఒత్తు మారితే అర్థం మారిపోతుంది. ఒబసన్ అంటే అత్తో పిన్నో, ఒబాసన్ అంటే అమ్మమ్మ. కితే అంటే వచ్చి, కిత్తే అంటే పోస్టల్ స్టాంపు. ఇంగ్లిష్ అక్షరాల్లో నోట్స్ రాస్తే ఈ తేడాలు తేలిగ్గా జారిపోతాయి. కానా వచ్చేదాకా తెలుగులోనే రాసుకోండి.

బాపట్లలో ప్రసంగం

నేర్చుకున్నది ఆయన దాచుకోలేదు. 1913లో బాపట్లలో ఒక సభలో జపనీస్‌లో పూర్తి ప్రసంగం చేశారు. జపాన్ వెంకయ్య అన్న పేరు అలా స్థిరపడింది. ఎదుట కూర్చున్నవాళ్లలో ఎంతమందికి అర్థమై ఉంటుందో మీరే ఊహించుకోండి. అయినా నిలబడి మాట్లాడారు.

ఇది మీకెందుకంటే, జపనీస్ ప్రావీణ్య పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్5 నుంచి ఎన్1 దాకా ఏ స్థాయిలోనూ మాట్లాడే పరీక్ష ఉండదు. చదవడం, వినడం, వ్యాకరణమే అడుగుతారు. సర్టిఫికెట్ చేతిలో ఉండి కూడా స్టేషన్‌లో దారి అడగలేకపోవచ్చు. అందుకే వెళ్లే ముందు మీ పేరు, ఊరు, బ్రాంచి, ఇంట్లోవాళ్ల గురించి రెండు నిమిషాలు ఆగకుండా చెప్పడం అలవాటు చేసుకోండి. ఫ్రెండ్స్ నవ్వితే నవ్వనివ్వండి.

భాషతో పాటు ఒక పని

వెంకయ్య భాషతో ఆగిపోలేదు. మునగాల రాజా పిలుపు మీద నడిగూడెం వెళ్లి వ్యవసాయ పరిశోధన చేశారు. కంబోడియా పత్తి మీద చేసిన పనితో పత్తి వెంకయ్య అయ్యారు. గనులు, వజ్రాల మీద పట్టు సాధించి డైమండ్ వెంకయ్య అనిపించుకున్నారు. మచిలీపట్నం జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. దేశదేశాల జెండాలు పరిశీలించి 1916లో పుస్తకం వేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా అందించారు. అందులోంచి మారుతూ వచ్చిన జెండానే 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించింది.

మీరూ జపనీస్‌ను ఒంటరిగా వదలకండి. మెకానికల్ అయితే యంత్ర భాగాల పేర్లు, కంప్యూటర్స్ అయితే సాఫ్ట్‌వేర్ మాటలు జపనీస్‌లో నేర్చుకోండి. కంపెనీ ఉద్యోగం ఇచ్చేది మీ పనికి. భాష ఆ పనిని అక్కడిదాకా తీసుకెళ్తుంది.

ఒక హెచ్చరిక కూడా. 90 రోజుల్లోపు ఉండే స్వల్పకాల వీసా మీద జపాన్‌లో జీతానికి పని చేయకూడదు. పార్ట్‌టైమ్‌తో ఖర్చు రాబట్టుకోవచ్చని ఏజెంటు చెబితే అక్కడే ఆగిపోండి. ఫీజు, గది, తిండి, రైలు ఖర్చులన్నీ చేతిలో ఉంటేనే బయల్దేరండి.

చివరి పేజీ

ఇంత చేసిన వెంకయ్య చివరి రోజులు పేదరికంలో గడిచాయి. 1963 జులై 4న కన్నుమూశారు. ఆయన పేరిట తపాలా బిళ్ల వచ్చింది 2009లో. ఆయన నేర్చినవేవీ తన కోసం దాచుకోలేదు, లాభం లెక్క చూసుకోలేదు. మీరు మాత్రం ఇంటికి లెక్క చెప్పాలి. నాన్న తోట డబ్బు ఇచ్చేముందు ఏం నేర్చుకొస్తావని అడిగితే, ఇప్పటికే ఏం నేర్చుకున్నారో చూపించండి. నోట్‌బుక్ తెరిచి 46 అక్షరాలు ఆయన ముందే రాసేయండి. టికెట్ మాట తర్వాత మాట్లాడొచ్చు.