అలెగ్జాండరు మిచెల్

తీరమున కనతిదూరమున నీటిలో దాగియుండు ఇసుకతిప్పలు ఓడలకు మృత్యుస్థానములు. అచ్చట దీపస్తంభము నిలుపుట యెట్లు? రాతికట్టడమునకు గట్టినేల కావలెను. కదలెడి యిసుకలో అది నిలువదు. ఈ చిక్కును విడదీసినవాడు చూపులేనివాడని విన్నచో మన విద్యార్థులు ఆశ్చర్యపడక మానరు. అందుచే ఆతని చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మిచెల్ 1780వ సంవత్సరమున ఐర్లండునందలి డబ్లిన్ నగరమున జన్మించెను. బాల్యముననే కుటుంబము బెల్‌ఫాస్టు ప్రాంతమునకు చేరెను. ఆతనికి గణితమునందు ఆసక్తి మెండు. కాని చూపు క్రమముగా మందగించి, ఇరువదిరెండేండ్లు వచ్చునప్పటికి పూర్తిగా పోయెను. అంతట ఆతడు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఇటుకల వ్యాపారము పెట్టి కుటుంబమును పోషించెను. ఆ పనికి అక్కఱకు వచ్చు యంత్రములను గూడ కల్పించెను.

ఆ కాలమున పునాదిగుంజలను పెద్దబరువుతో మోది నేలలోనికి దింపుచుండిరి. మోదుటకంటె త్రిప్పుట మేలని మిచెల్ తలచెను. ఇనుపగుంజ కొనకు వెడల్పైన మరచుట్టు అమర్చి త్రిప్పినచో, అది యిసుకను తొలుచుకొనుచు దిగును. దిగిన పిదప ఆ వెడల్పైన రెక్క క్రిందియిసుకపై ఆని బరువు మోయును. కెరటములు పైకి లాగినను, మీదనున్న యిసుక దానిని పట్టియుంచును. ఈ మరగుంజకు 1833లో ఆతడు పేటెంటు పొందెను.

1838లో థేమ్సునది ముఖమున మాప్లిన్ ఇసుకతిప్పపై తొమ్మిది గుంజలు నాటబడెను. పనివారు తెప్పమీద అడ్డుకఱ్ఱలు పట్టి, గానుగెద్దులవలె చుట్టును నడచుచు వానిని త్రిప్పిరి. అచ్చటి దీపము 1841లో వెలిగెను. తరువాత మొదలిడినదైనను, ఫ్లీట్‌వుడ్ రేవుచెంతనున్న వైర్ దీపము 1840లోనే వెలిగెను.

అన్నియు జయములే కావు. డబ్లిన్ కెదురుగానున్న కిష్ తిప్పపై కట్టుచున్న స్తంభమును 1842లో తుపాను కొట్టుకొనిపోయెను. మిచెల్ వెనుదీయలేదు. కుమారునితో కూడ పనిస్థలములకు తానే పోయి, గుంజలను అతుకులను చేతులతో తడవి పరీక్షించెడివాడు. 1848లో ఇంజనీర్ల సంఘమువారు టెల్ఫర్డు పతకమిచ్చి ఆతనిని గౌరవించిరి. కోవ్ రేవునందు 1853లో ముగిసిన ఆతని దీపస్తంభము నేటికిని నిలిచియున్నది. మన దేశమున బొంబాయి, బరోడా, మధ్య ఇండియా రైలుమార్గపు వంతెనలకును మరగుంజలను వాడిరి. 1868లో మిచెల్ బెల్‌ఫాస్టు చెంత కాలధర్మము నొందెను.

ఇరువదవ శతాబ్దమున సోవియట్ ఇంజనీర్లు మొదలగువారు గుంజను అతివేగముగా కంపింపజేసి దింపు పద్ధతిని పెంపొందించిరి. గుంజ కంపించునప్పుడు చుట్టునున్న తడియిసుక పట్టు సడలును. కంపము ఆగినతోడనే ఇసుక మరల కుదురుకొని గుంజను పట్టుకొనును. త్రిప్పినను కంపింపజేసినను నీతి యొకటియే: నేలతో పోరాడుటకంటె దాని స్వభావమెరిగి పనిచేయుట మేలు. తాను చూడలేని వెలుగును ఇతరుల ప్రాణరక్షణకై సముద్రమున నిలిపిన ఈ మహనీయుని మన బాలబాలికలు తలచుకొందురుగాక యని మేము కోరుచున్నాము.