మాయలో మనసును చూపిన దర్శకుడు – కె.వి.రెడ్డి

పిల్లలను వెంటబెట్టుకొని ఇంటిల్లిపాదీ వెళ్ళి చూసే సినిమాలంటే చదువుకున్నవారికి కొంత చులకన భావం ఉండటం పరిపాటి. మంత్రాలు, మాయలు, రాక్షసులు, రాకుమార్తెలు – ఇవన్నీ పసివాళ్ళ ముచ్చటలేగాని వీటిలో మనం ఆలోచించవలసినదేముంటుంది అని తీసిపారేస్తాం. కాని కాస్త నిదానించి చూస్తే ఆ మాయల చాటున దాగి ఉన్నది పెద్దవాళ్ళ మనసే. పైకి చెప్పుకోలేని ఆశ, అసూయ, ముసలితనపు భయం, పొగడ్తమీద మోజు, కాదనలేని నిస్సహాయత అక్కడ వేషాలు మార్చుకొని తిరుగుతుంటాయి. పిల్లవాడు మాయను చూసి నవ్వుతాడు. పక్కన కూర్చున్న తండ్రి తన్ను తాను చూసుకొని ఉలిక్కిపడతాడు.

పాశ్చాత్య దేశాలలో ఈ పని బొమ్మల సినిమాలు చేశాయి. వాల్ట్ డిస్నీ 1937లో తీసిన 'స్నో వైట్'లో రాణి పదే పదే అద్దాన్ని అడిగేది తన అందం గురించే అయినా, ఆమెను పట్టి పీడించేది వయసు మళ్ళుతున్నదన్న భయం. 1940 నాటి 'పినోకియో'లో అబద్ధమాడితే కొయ్యబొమ్మ ముక్కు పెరుగుతుంది. 1942 నాటి 'బాంబి'లో జింకపిల్ల తల్లిని కోల్పోతుంది. 2015లో వచ్చిన 'ఇన్‌సైడ్ ఔట్'లోనైతే పదకొండేళ్ళ పిల్ల మనసులోని సంతోషం, దుఃఖం, కోపం, భయమే పాత్రలై నడిచాయి. మరి మన తెలుగులో? గీసిన బొమ్మలతో పూర్తి నిడివి చిత్రాలు తీసే వసతి లేని రోజులలోనే, కెమెరా చమత్కారాలతో ఆ పనిని మనకు చేసిపెట్టిన మహనీయుడు ఒకరున్నారు. ఆయనే కీర్తిశేషులు కదిరి వెంకటరెడ్డి గారు. లోకానికి కె.వి.రెడ్డి.

ఆయన 1912 జూలై 1వ తేదీన అనంతపురం జిల్లా తాడిపత్రి ప్రాంతంలో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చదివి పట్టభద్రులైనారు. సైన్సు చదివినవాడు మంత్రాల కథలు తీయడమేమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. దేనినైనా కొలిచి, లెక్కగట్టి, సరిచూసుకొని గాని అడుగు వేయకపోవడం ఆ చదువు ఆయనకిచ్చిన అలవాటు. స్క్రిప్టు పూర్తిగా సిద్ధమైతే తప్ప షూటింగుకు దిగేవారు కారు. స్టాప్‌వాచి చేతబట్టుకొని ఏ సన్నివేశం ఎంతసేపు నడవాలో ముందే నిర్ణయించేవారు. మాయను చూపించేవాడికి లెక్క తప్పకూడదన్న సంగతి ఆయనకు బాగా తెలుసు.

వాహినీ సంస్థలో ఆయన ప్రవేశం దర్శకుడిగా జరగలేదు. బి.ఎన్.రెడ్డి గారి 'వందేమాతరం' (1939), 'సుమంగళి' (1940), 'దేవత' (1941) చిత్రాలకు నిర్మాణ వ్యవహారాలు చూసుకొన్నారు. పైసా పైసా లెక్క చూసే ఆ మనిషికి 1943లో విడుదలైన 'భక్త పోతన' దర్శకత్వం దక్కింది. నాగయ్య గారు పోతనగా నటించిన ఆ చిత్రం ఘనవిజయం సాధించింది. 1947లో మళ్ళీ నాగయ్య గారితోనే 'యోగి వేమన' తీశారు. అందులో వేమనను విరాగిగా మార్చేది ఏ గురువు బోధో కాదు. అల్లారుముద్దుగా పెంచుకున్న అన్నకూతురి మరణం. భక్తి చిత్రమని చూడబోయినవారికి అది దుఃఖం మనిషిని ఎలా మారుస్తుందో చెప్పే చిత్రంగా కనిపించింది.

1949లో వచ్చిన 'గుణసుందరి కథ'తో ఆయన అసలు దారి తెరుచుకొన్నది. షేక్‌స్పియర్ 'కింగ్ లియర్' నాటకపు ఛాయలో అల్లిన జానపద కథ అది. ఒక రాజుకు ముగ్గురు కూతుళ్ళు. తనమీద ఎవరికెంత ప్రేమో వినాలని తండ్రికి కోరిక. పెద్దవాళ్ళిద్దరూ ఆయనను ఆకాశానికెత్తారు. చిన్నది మాత్రం ఆడదానికి భర్తే మిన్న అన్నది. అంతే, ఆమెను ఒక కురూపికిచ్చి పెళ్ళి చేశాడు. శాపాలు, మణులు, మారురూపాలు చూసి పిల్లలు సంబరపడ్డారు. పెద్దలు చూసింది వేరు. కన్నబిడ్డల నోట పొగడ్త వినకపోతే బతకలేని తండ్రి, నిజం చెప్పిన బిడ్డనే పగబట్టే తండ్రి వారికి ఎరుగని మనిషేమీ కాదు. మన ఇళ్ళలోనూ ఉన్నాడాయన.

1951 మార్చిలో విజయా సంస్థ 'పాతాళభైరవి' విడుదలైంది. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి గార్లు. 1947 జూలైలో 'చందమామ' పత్రికను ప్రారంభించినదీ వీరే కనుక, పిల్లల కథలో పెద్దల నీతిని ఇమిడ్చే విద్య ఆ గూటికి కొత్తది కాదు. రచన పింగళి నాగేంద్రరావు గారు. కెమెరా మార్కస్ బార్ట్‌లే.

కథ అందరికీ తెలిసినదే. తోటమాలి కొడుకు రాముడు రాకుమారిని ప్రేమించాడు. సంపద తెచ్చి చూపితేనే పిల్లనిస్తానన్నాడు రాజు. ఆ సంపద కోసం రాముడు నేపాళ మాంత్రికుడి వెంట నడిచాడు. ఆ మాంత్రికుడికి కావలసింది బలి ఇవ్వడానికొక సాహసి. ఇందులోని మాయను పక్కన పెట్టి చూడండి. పిల్లనివ్వాలంటే ముందు సంపాదించుకురా అన్నమాట మన పాలమూరు యువకులకు కొత్తదా? ఆ మాట విని దూరదేశాలకు పనులకు పోయి, ఎవరి చేతిలోనో చిక్కినవారు మన పల్లెల్లో లేరా? పేదవాడి ప్రేమకూ ఆశకూ మధ్య ఎప్పుడూ ఒక మాంత్రికుడు నిలబడే ఉంటాడు.

ఆ మాంత్రికుడి పతనం మరీ ముచ్చటైనది. అతని శక్తి అంతా గడ్డంలో ఉన్నది. అంతటివాడు, రాకుమారి మెప్పు పొందాలన్న ఆశతో, ఎదుటివాళ్ళు పన్నిన ఎత్తులో పడి ఆ గడ్డాన్ని తీయించుకొన్నాడు. చిన్నపిల్లలకిది పగలబడి నవ్వే ఘట్టం. వయసు మీరిన మగవాడు, చేతిలో లోకమంతా ఉన్నవాడు, ఒక ఆడపిల్ల కళ్ళకు అందంగా కనబడాలని తన బలాన్ని తానే గొరిగించుకోవడం పెద్దలకు నవ్వుతోబాటు భయాన్ని కూడా కలిగిస్తుంది. యస్.వి.రంగారావు గారు ఆ పాత్రను ఉత్త దుర్మార్గుడిగా గాక, కోరికకు లొంగిన మనిషిగా పోషించారు. అందుకే ఆ పాత్ర ఇన్ని దశాబ్దాలైనా చెరగలేదు.

ఆ తరువాత 1954లో 'పెద్దమనుషులు', 1955లో అన్నపూర్ణా సంస్థ తొలి చిత్రం 'దొంగరాముడు' తీశారు. ఇబ్సెన్ నాటకపు ప్రేరణతో సాగిన 'పెద్దమనుషులు'లో మాయలు లేవు. ఊరికి పెద్దగా చెలామణి అయ్యేవాడి ముసుగును తొలగించడమే అందులోని పని. ముసుగు తీయడానికి మంత్రమే అక్కరలేదని ఆ చిత్రంతో నిరూపించారనవచ్చు.

కాని ఆయన జీవితానికి మేరుశిఖరం 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్'. వ్యాసుల వారి భారతంలో లేని శశిరేఖా పరిణయ కథ ఇది. పాండవుల చుట్టూ తిరిగే కథ అయినా, పాండవులు ఒక్కసారైనా తెరమీద కనబడరు. ద్వారకా నగరం కోసం వందలకొద్దీ చిన్న బొమ్మ ఇళ్ళు కట్టించారు. లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. పసివాళ్ళకు అంతకంటె పండుగేమున్నది?

అయితే ఈ చిత్రంలోని రెండు మాయవస్తువులను విద్యార్థి మిత్రులు శ్రద్ధగా గమనించాలి. ఒకటి ప్రియదర్శిని. మూత తెరిచి చూసినవారికి అతి ప్రియమైనదేదో అది కనబడే పెట్టె. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. ఆమె తల్లి రేవతికి కనిపించింది మణులు, నగలు. తండ్రి బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు. కృష్ణుడికి శకుని! పిల్లలకిది తమాషా పెట్టె. పెద్దలకు మాత్రం కన్నకూతురు పక్కనే ఉన్నా తల్లిదండ్రుల మనసులో ఆమెకు మొదటి చోటు లేదన్న నిష్ఠురసత్యం అందులో బయటపడింది. రానున్న కథంతా ఆ ఒక్క ఘట్టంలోనే చెప్పేశారు. స్నో వైట్ కథలోని అద్దం ఉన్నది చెబుతుంది. ప్రియదర్శిని మనం కోరుకొనేది చెబుతుంది. రెండింటిలో రెండవదే మనిషికి ఎక్కువ ప్రమాదకరం.

రెండవది సత్యపీఠం. దానిపై నిలబడినవాడు కడుపులో దాచుకున్న నిజాన్ని కక్కవలసిందే. మాటలతో లోకాన్ని ఆడించిన శకుని చివరికి దానిపై నిలబడి తన గుట్టు తానే రట్టు చేసుకొన్నాడు. పినోకియో ముక్కు అబద్ధాన్ని పట్టిస్తుంది. సత్యపీఠం అబద్ధానికి తావే ఇవ్వదు.

ఇక్కడ బలరాముడిని గురించి ఒకమాట చెప్పుకోవాలి. ఆయన చెడ్డవాడు కాడు. చెల్లెలు సుభద్రకు మాటిచ్చినవాడే. కాని పాండవులు జూదంలో రాజ్యం పోగొట్టుకోగానే, దుర్యోధన శకునులు వచ్చి నాలుగు పొగడ్తలు వినిపించగానే, ఆ మాట నీళ్ళలో కలిసింది. చిన్ననాటి నుంచి అనుకున్న మేనరికం తప్పింది. దిక్కులేక పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు వదిన నోట అవమానం మిగిలింది. ఆస్తి ఉన్ననాడు ఒక మాట, పోయిననాడు ఒక మాట! సంబంధం ఖాయం చేసుకొని, అవతలివారి పరిస్థితి దిగజారిందనగానే లగ్గం తప్పించుకొనేవారు మన మధ్య ఉన్నంతకాలం ఈ చిత్రాన్ని పురాణమనడానికి వీలులేదు.

మరి శశిరేఖ ఏంచేసింది? ఆమెకు నోరు లేదు. తల్లిదండ్రుల ఎదుట కాదనే శక్తి లేదు. ఆ శక్తి ఆమె రూపంలో వచ్చిన ఘటోత్కచుడికి దొరికింది. ఆమెను నిద్రలోనే మంచంతో సహా తన చోటికి చేర్చి, తాను మాయా శశిరేఖ అయినాడు. సావిత్రి గారు ఆ ఘట్టంలో లేత ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడు కదిలినట్లు నటించి చూపించారు. పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుడిని ఆ మాయా వధువు హడలెత్తిస్తుంటే హాలంతా నవ్వింది. కాని ఆ నవ్వులో ఒక బాధ ఉన్నది. ఆడపిల్ల తనకిష్టంలేని పెళ్ళిని నిరాకరించాలంటే ఆమెలో రాక్షసుడు ప్రవేశించవలసి వచ్చింది! మనిషిగా చెబితే వినేవారు లేకపోయారు. నేలమీద కూర్చొని ఆ చిత్రం చూసిన ఎందరు ఆడపడుచులు, తాము అనలేకపోయిన మాటను ఆ మాయా శశిరేఖ చేష్టల్లో చూసుకొని తృప్తిపడ్డారో ఎవరు లెక్కగట్టగలరు?

'మాయాబజార్' తరువాత ఆయన 'పెళ్ళినాటి ప్రమాణాలు' (1958), 'జగదేకవీరుని కథ' (1961), 'శ్రీకృష్ణార్జున యుద్ధము' (1963) తీశారు. జగదేకవీరుడి కథలో, దేవకన్యలను పెళ్ళాడాలని వచ్చిన కలను కొడుకు తండ్రి ఎదుట చెప్పినందుకు తండ్రి మండిపడి దేశం వెళ్ళగొట్టాడు. పిల్లల కలలను విని కోపగించే పెద్దలు ఆ కథలోనూ తప్పలేదు.

అయితే విజయం ఎల్లకాలం ఒకరి ఇంట ఉండదు. 1965 నాటి 'సత్య హరిశ్చంద్ర', 1968 నాటి 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ', 'భాగ్యచక్రము' ఆశించినంతగా ఆడలేదు. అన్నేళ్ళు ప్రేక్షకుల మనసు లోతులు కొలిచిన దర్శకుడికి ఆ ప్రేక్షకుడే దూరమైనాడు. అయినా ఆయన తన పద్ధతిని విడువలేదు. ఎన్.టి.రామారావు గారి సంస్థకు తీసిన 'శ్రీకృష్ణ సత్య' 1971లో విడుదలై ఆయన చివరి చిత్రమైంది. 1972 సెప్టెంబరు 15న కె.వి.రెడ్డి గారు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు అరవై ఏళ్ళు.

ఆయన వద్ద సహాయకుడిగా పని నేర్చుకొన్న సింగీతం శ్రీనివాసరావు గారు 2008లో 'ఘటోత్కచ' అనే బొమ్మల సినిమాకు దర్శకత్వం వహించారు. గురువుగారు కెమెరా మాయతో ఆడించిన రాక్షసుణ్ణి శిష్యుడు గీతలతో ఆడించాడన్నమాట. 2010లో 'మాయాబజార్' రంగులద్దుకొని మళ్ళీ థియేటర్లకు వచ్చింది. ఆ నాడు తాతలు మనుమలను వెంటబెట్టుకొని వెళ్ళారు.

విద్యార్థి మిత్రులారా! హైదరాబాదు–కర్నూలు రహదారి మీదనున్న మన కొత్తకోటకు ఇప్పుడు లోకంలోని బొమ్మల సినిమాలన్నీ చేతిలోని ఫోనులోకే వస్తున్నాయి. చూడండి, తప్పులేదు. కాని ఇంట్లో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చూసి నవ్వేచోట మీరు ఒక్క క్షణం ఆగి, ఇది ఎవరి మనసు అని ఆలోచించండి. రేపు మీరు తల్లిదండ్రులవుతారు, అన్నలవుతారు, వదినలవుతారు. మీ ఇంటి శశిరేఖ నోరు తెరిచి కాదంటే వినే చెవి మీకుండాలి. మీ ఇంటి అభిమన్యుడి సంపద పోయిననాడు ఇచ్చిన మాట నిలబెట్టుకొనే గుండె మీకుండాలి. ప్రియదర్శిని మన ముందుకు వచ్చి మూత తెరుచుకొంటే అందులో మనకు నగలు కనబడతాయా, పొగిడేవాళ్ళు కనబడతారా, లేక మన మనుషులు కనబడతారా? ఈ ప్రశ్న వేసుకోగలిగితే అదే కె.వి.రెడ్డి గారికి మనమర్పించే నిజమైన నివాళి.