మణికట్టు విరుపుకు పేరైన అబ్రహాం కోలిస్

కాలు జారినప్పుడు అరచేయి నేలకు ఆనించడం, మణికట్టు దగ్గర ఎముక విరగడం మన వయసు వారి ఇళ్ళలో కొత్త సంగతి కాదు. అప్పుడు ఆసుపత్రి చీటీ మీద డాక్టరుగారు ‘కోలిస్ ఫ్రాక్చర్’ అని రాస్తారు. అది ఏదో జబ్బు పేరనుకునే వారే ఎక్కువ. నిజానికి అది ఒక మనిషి పేరు.

అబ్రహాం కోలిస్ 1773లో ఐర్లండులోని కిల్కెన్నీ దగ్గర జన్మించారు. వారిది చలువరాళ్ళ వ్యాపారం. చిన్నతనంలోనే తండ్రి పోగా, తల్లి ఆ వ్యాపారాన్ని చేతిలోకి తీసుకుని పిల్లలను పైకి తెచ్చింది. ఒకసారి వరదలో ఊరి డాక్టరుగారి శరీరశాస్త్ర గ్రంథం కొట్టుకువస్తే కోలిస్ దాన్ని అప్పగించబోయాడనీ, పిల్లవాడి ఆసక్తి చూసి ఆయన అది అతనికే ఇచ్చేశారనీ ఒక ముచ్చట చెబుతారు. డబ్లిన్‌లో చదివి, 1797లో ఎడింబరోలో ఎం.డి. పట్టా పొంది, అక్కడి నుంచి లండన్‌కు కాలినడకన వెళ్ళారట! లండన్‌లో ప్రసిద్ధ సర్జన్ ఆస్ట్లీ కూపర్ వద్ద పనిచేసి స్వదేశం చేరారు. 1799లో డబ్లిన్‌లోని స్టీవెన్స్ ఆసుపత్రిలో చేరి, 1841 దాకా ఆ ఒక్క చోటే సేవ చేశారు. 28 ఏళ్ళకే, 1802లో, ఐర్లండు రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌కు అధ్యక్షులయ్యారు. 1804 నుంచి 1836 వరకు అక్కడే ప్రొఫెసరు.

ఆయన పేరు నిలబెట్టింది మాత్రం 1814లో ఎడింబరో వైద్యపత్రికలో అచ్చయిన ఒక చిన్న వ్యాసం. అప్పటిదాకా ఈ దెబ్బను బెణుకనో, కీలు తప్పిందనో భావించి వైద్యం చేసేవారు. విరిగింది కీలు కాదనీ, దానికి సుమారు ఒకటిన్నర అంగుళం పైన రేడియస్ ఎముక అనీ కోలిస్ తేల్చి చెప్పారు. ఎక్స్‌రే 1895లో గానీ రాలేదు. మత్తుమందు లేదు. ఈ దెబ్బ తగిలిన చేతిని కోసి చూసే అవకాశమూ ఆయనకు దొరకలేదు. ఒక చేత్తో రోగి చేతిని లాగిపట్టి, రెండో చేతి వేళ్ళతో తడిమి, ఎముక కదలికను పసిగట్టారు. సరిచేసిన ఎముక వదిలేస్తే మళ్ళీ పక్కకు జరుగుతుందని గమనించి, తగరపు రేకు బద్దలు కట్టమన్నారు.

నేడు తగరపు బద్ద స్థానంలో పిండికట్టు వచ్చింది. నొప్పి తెలియకుండా చేసి, ఎముకను లాగి సరిచేసి, మామూలుగా అయిదారు వారాలు కట్టు ఉంచుతారు. కీలులోకి పగులు పాకినా, ఎముక నిలవకపోయినా ఆపరేషన్ చేసి ప్లేటు వేస్తారు. చేయి కొంచెం వంకరగా అతుక్కున్నా, కొంతకాలానికి బాగానే పనిచేస్తుందని కోలిస్ నమ్మకం. అందరి విషయంలో అది నిజం కాకపోయినా, పెద్ద వయసులో చాలామందికి ఆ మాట చెల్లుతూనే ఉంది. కాబట్టి ఎక్స్‌రేలో వంకర కనబడగానే ఆపరేషన్ తప్పదని బెంగపడనక్కరలేదు.

దెబ్బ తగిలిన వెంటనే, వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. కట్టు ఉన్నన్నాళ్ళూ చేయి ఎత్తులో ఉంచి వేళ్ళు, మోచేయి, భుజం ఆడిస్తూ ఉండాలి. కట్టు ఉంది కదా అని చేయి కదపకుండా కూర్చుంటే వేళ్ళు బిగుసుకుపోతాయి. ఆ తర్వాత పడే బాధ విరిగిన బాధ కన్నా ఎక్కువ. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరుగుతున్నా మర్నాటి దాకా ఆగక ఆసుపత్రికి వెళ్ళాలి.

అంత చిన్న పాటుకు ఎముక ఎందుకు విరిగిందన్నది కోలిస్ వ్యాసంలో లేదు. వయసుతో ఎముకలు పలచబడతాయని ఆస్ట్లీ కూపరే 1822లో రాశారు. ముట్లుడిగిన స్త్రీలలో హార్మోను తగ్గడమే ఇందుకు ముఖ్య కారణమని 1940ల మొదట్లో అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ చూపారు. అందుకే నిలుచున్న ఎత్తునుంచి పడి మణికట్టు విరిగితే దాన్ని హెచ్చరికగానే చూడాలి. వారికి తర్వాత తుంటి, వెన్నుపూస విరిగే ప్రమాదం ఎక్కువ. కట్టు విప్పిన రోజునే ఎముకల సాంద్రత పరీక్ష సంగతి డాక్టరును అడగాలి. మనలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే: చేయి అతికింది, పని అయిపోయింది అనుకుంటాం.

పాలు, పెరుగు, రాగులు, కాస్త ఎండ, రోజూ నడక మంచివే. ఎముక బాగా గుల్లబారితే ఇవి చాలవు, మందు కావాలి. వారానికొకసారి వేసుకునే ఆలెండ్రొనేట్ బిళ్ళను పరగడుపున గ్లాసెడు మంచినీళ్ళతో మింగి, అరగంట పడుకోకుండా ఉండాలి. తడి స్నానాలగది, రాత్రి దీపం లేని దారి, శుక్లాలు ముదిరిన కళ్ళు, నిద్రమాత్రల మత్తు – పడేసేవి ఇవే. గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి బిగించడం పెద్ద ఖర్చేమీ కాదు.

1839లో ప్రభుత్వం బ్యారొనెట్ బిరుదు ఇవ్వజూపితే కోలిస్ వద్దన్నారు. చివరి రోజుల్లో, తన జబ్బేమిటో తోటివారికి తెలియాలి గనుక మరణానంతరం తన శరీరాన్ని కోసి పరీక్షించమని రాసి ఉంచారు. 1843లో ఆయన మరణించాక రాబర్ట్ స్మిత్ అనే డబ్లిన్ వైద్యుడు ఆ పని చేశారు. ఈ విరుపుకు కోలిస్ పేరు స్థిరపడింది కూడా స్మిత్ 1847లో వెలువరించిన గ్రంథంతోనే.