పావులూరి మల్లన

హిందూపురపు సంతలో బెల్లము తూచు వర్తకునకును, ధర్మవరమున పట్టుచీరకు పోగులెంచు నేతగానికిని, పెనుగొండ సీమలో చెఱువు క్రింది మడికి శిస్తు కట్టిన వెనుకటి కరణమునకును ఆధార మొక్కటే. అది లెక్క. ఇంత సరకునకు ఇంత ధర యైనచో అంత సరకునకు ఎంత యని తేల్చు త్రైరాశికము రానివాడు సంతలో మోసపోక తప్పదు. ఆ విద్య చిరకాలము సంస్కృత శ్లోకములలో నుండెను. సంస్కృతము రానివారికి అది తాళము వేసిన పెట్టె. దానిని తెఱచి తెలుగువారి చేతికిచ్చినవాడు పావులూరి మల్లన.

ఆ పెట్టె కన్నడదేశమునుండి వచ్చినది. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడను జైనపండితుడు గణితసారసంగ్రహమును రచించెను. ఆ కాలమున హిందూపురమునకు పడమటనున్న హేమావతి నుండి నొలంబరాజులు పాలించుచుండిరి. మహావీరుడు తనకు ముందున్న గణితమునంతటిని సమకూర్చి, భిన్నములను కూడునపుడు శ్రమ తగ్గించు కనిష్ఠ సామాన్య గుణిజమును గూడ బోధించెను.

రెండు శతాబ్దములు గడచెను. తూర్పుతీరమున రాజమహేంద్రవరమునందు రాజరాజనరేంద్రుడు 1022 మొదలు 1061 వఱకు రాజ్యమేలెను. నన్నయభట్టు భారతమును తెనిగింపబూనినది ఆతని కొలువుననే. మల్లనది కమ్మనాటి పావులూరు. అది నేటి బాపట్ల జిల్లాలోనిది. పిఠాపురము చెంతనున్న నవఖండవాడ గ్రామమును రాజరాజు ఈ వంశమునకు దానమిచ్చెను. దానిని గ్రహించినవాడు కవియే యని కొందఱును, కవి తాతయగు మఱియొక మల్లన యని కొందఱును పండితులు తలతురు. ఆతని జీవితమును గూర్చి ఇంతకు మించి చెప్పుట కష్టము. ఆతని పనియే ఆతని చరిత్రము.

తెలుగున శాస్త్రగ్రంథమునకు అప్పటికి బాటయే లేదు. మల్లన మాటకు మాట పెట్టి తెనిగింపలేదు. మూలమున వర్గము చేయుటకు అయిదు పద్ధతులును, ఘనము చేయుటకు ఏడును ఉండగా, ఒక్కొక్కదానిని మాత్రమే నిలిపెను. బీజగణితపు మార్గములను విడిచెను. జైనమతప్రస్తావన లున్నచోట శైవమున కనువైనవి చేర్చెను. ఇట్లు తగ్గించుట మూలమునకు అన్యాయమని పండితుడు కినియవచ్చును; కాని బడిపిల్లవానికి ఏడు త్రోవలకంటె చక్కని త్రోవ యొకటి మేలు గదా! నేడు గణనయంత్రముల కొఱకు గణితపద్ధతులను ఒకచోట కూర్చి లోకమునకు విడుదల చేయువారికిని ఏది ఉంచవలెను, ఏది విడువవలెను అనునదియే మొదటి చిక్కు.

తీసివేసినవాడు ఊరకుండలేదు. మూలమున లేని ఉదాహరణములు గుణకారమున 45, వర్గమున 21 చేర్చెను. వాని ఫలములలోని అంకెలు రెండు వైపులనుండియు ఒకే వరుసగా పూలదండవలె కనబడును. మహావీరుని గ్రంథమునందును ఇట్టివి కలవు: 142857143ను 7చే గుణించినచో 1000000001 వచ్చును. ఇది వట్టి వినోదము కాదు. దండ తెగినచో తాను తప్పితినని బాలుడు గురువు చెప్పకయే తెలిసికొనును.

మఱి తాటాకుపై వ్రాయసకాడు ఒక్క అంకె తప్పినచో గతి యేమి? దానికిని ఉపాయము కలదు. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు చొప్పున 64 గడులు నింపినచో మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలగును. ఈ సంఖ్యను మల్లనదిగా ప్రసిద్ధమైన పద్యమొకటి మాటలలో దాచినది. బాణములు మన్మథునకు అయిదు గనుక శరమనగా 5, చంద్రుడొక్కడే గనుక శశి యనగా 1, వేదమనగా 4, గగనమనగా సున్న. ఒకట్ల స్థానమునుండి వెనుకకు చదువవలెను. మాట యొకటి జాఱినచో ఛందస్సు కుంటుపడును. తప్పు చెవికే తెలియును. ఇరువది అంకెలను కంఠమున నిలుపుట కింతకంటె మంచి భరిణె దొరకదు.

సారసంగ్రహగణితమని మల్లన పేరిడినను, లోకులు దానిని పావులూరి గణితమనియే పిలిచిరి. మహావీరుని మూలమును రంగాచార్యులు 1912లో మదరాసున ఆంగ్లానువాదముతో అచ్చొత్తించిరి. మల్లన గ్రంథమును వేటూరి ప్రభాకరశాస్త్రి తాటాకు ప్రతులనుండి పరిష్కరింపగా, అది తిరుపతినుండి వెలువడెను.